జుబ్బాకి కోసిన కాగితం

మా కోడలు రెండోసారి నీళ్లోసుకున్న ఏడాది మూడు బడుల యూనిఫారాలు ఒకేసారి మా నెత్తిన పడ్డాయి. ఎండలు ముదిరాక తానులు దిగితే, తొలి వానలు పడేలోగా ఆఖరి గుండీ కుట్టి పంపాలి. ఆ మూడు నెలలూ మా ముందుగదిలో నేల కనపడదు. ఒక మూల నీలం గుడ్డ, ఇంకో మూల తెల్ల గుడ్డ, మధ్యలో నా మిషను, మిషను కింద నా మూడేళ్ల మనవరాలు. ఆసుపత్రి పుస్తకంలో దాని పేరు వేరే ఉంది. ఏడో నెలలోనే పుట్టి ఇంతే ఇంత ఉండేసరికి వాళ్ల తాత దాన్ని గుండీ అన్నాడు, అదే నిలిచిపోయింది.

మా అబ్బాయి కత్తిరిస్తాడు, నేను కుడతాను, మా ఆయన ఇస్త్రీ చేస్తూ ఇద్దరికీ వంకలు పెడతాడు. కోడలు మాత్రం సూదీ దారం జోలికి రాదు. ఆవిడ బస్సు కండక్టరు. పెళ్లయిన కొత్తలో ఒక గుండీ కుట్టమంటే చొక్కాని తన కొంగుకి కలిపి కుట్టేసి, లేచి నిలబడి, చొక్కాతో సహా వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత మేమూ అడగలేదు, ఆవిడా బాధపడలేదు.

ఐదో నెలదాకా డిపో క్లినిక్కులో చూపించుకుంది. అక్కడామె, "మొదటిది ఆపరేషను కదా, ఈసారి పెద్దాసుపత్రిలో పేరు రాయించుకో" అని చీటీ రాసిచ్చింది. తోడు నేను వెళ్లాను. మిషను ఆపి వెళ్లినందుకు మా అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు గానీ, నలుగుర్ని కన్నదాన్ని, నేను కాకపోతే ఎవరు వెళ్తారు?

డాక్టరమ్మది నా చిన్నకూతురి వయసు. కోడలి పొట్ట నొక్కి చూసింది. పొట్ట కింద అడ్డంగా ఉన్న పాత గీతని వేలితో తడిమింది.

"మొదటి ఆపరేషను కాగితం ఏది?"

"కాగితం దేనికమ్మా, గీత కనపడుతూనే ఉందిగా," అన్నాను నేను. "ఎంత తిన్నగా, ఎంత సన్నగా కుట్టారో చూడండి. ఎక్కడా వెంట్రుకంత వంకర లేదు."

"మీరు టైలరా?" అంది నవ్వుతూ.

"నలభై ఏళ్ల నుంచీ."

"అయితే మీరే చెప్పండి. కోటు పైకుట్టు చూసి లోపల లైనింగు ఎటు కుట్టారో చెప్పగలరా?"

ఆ పూట మా ఆయన వెంట రాకపోవడం నా అదృష్టం, వచ్చుంటే ఏడాదిపాటు ఆ మాటే చెప్పుకుని నవ్వేవాడు.

డాక్టరమ్మ కాగితం మీద బూరలాంటి బొమ్మ గీసి కోడలికి చూపించింది. "పైన చర్మం మీద కోత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచి మీద కూడా అడ్డంగానే ఉండాలని లేదమ్మా. ఇదిగో, ఈ కిందిభాగంలో అడ్డంగా కోసి ఉంటే అతుకు బాగా నిలుస్తుంది. అప్పుడు మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు. పైభాగంలో నిలువుగా కోసి ఉంటే మాత్రం కుదరదు. నొప్పులొచ్చినప్పుడు బిగిసేది ఆ పైభాగమే. బిగిసినప్పుడల్లా లాగుడంతా అతుకు మీదే పడుతుంది."

"పడితే?" అంది కోడలు.

"విడిపోవచ్చు. అందరికీ అవుతుందని కాదు. అయితే మాత్రం తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే, మనకి నిమిషాలే ఉంటాయి. నీ పెద్దపాప ఏడో నెలలో, కడుపులో అడ్డం తిరిగి ఉండగా పుట్టిందంటున్నావు. అలాంటప్పుడు ఒక్కోసారి నిలువుగా కొయ్యక తప్పదు. అందుకే కాగితం కావాలి."

"స్కానింగులో కనపడదాండీ?"

"అంత నమ్మకంగా కనపడదు. కోసిన డాక్టరు రాసిందే మనకి గట్టి ఆధారం. అది దొరక్కపోతే నేను నొప్పులదాకా ఆగను, ముందే ఆపరేషను చేస్తాను."

బయటికొచ్చాక కోడలు బస్సెక్కి, కండక్టరు సీటు పక్కన కూర్చుంది. తోటి కండక్టరు ఏదో హాస్యమాడినా నవ్వలేదు. మూడు స్టాపులు దాటాక నోరు విప్పింది.

"నాకు ఆపరేషను వద్దత్తయ్యా."

"భయమా?"

"కోతకి కాదు. పోయినసారి మత్తిచ్చి పడుకోబెట్టారు. లేచేసరికి దాన్ని ఇంకో ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో పెట్టారన్నారు. నాకేమో జ్వరం తగ్గలేదు. పదకొండో రోజున చూశాను. మీరు చూశారు, మావయ్య చూశారు, ఆయన చూశారు, పక్కింటి పాలామె కూడా చూసొచ్చి ముక్కు నీదేనని చెప్పింది. కన్నదాన్ని నేనైతే అందరికంటే ఆఖర్న చూసింది నేను. ఈసారి నేనే కని, నేనే ముందు చూడాలి."

ఆ పిల్ల నాతో అన్నేసి మాటలు వరసగా మాట్లాడింది అదే మొదటిసారి. నా మనసు కరిగిపోయింది. "అలాగే కందువుగాని. కాగితమేగా, ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది," అన్నాను.

ఇంట్లో ఉన్న రెండు పెట్టెలూ తిరగేశారు. బీరువా కింద, పరుపుల కింద, బియ్యం డబ్బా వెనక, ఎక్కడా లేదు. మా అబ్బాయి పాత ఆసుపత్రికి వెళ్లొచ్చాడు. అది ఇంకోచోటికి మారిందట, మారేటప్పుడు పైపు పగిలి ఆ ఏటి కాగితాలన్నీ ముద్దయిపోయాయట. ఇంట్లో నేనూ వెతికాను. అందరికంటే ఎక్కువ నేనే వెతికాను, ఎందుకంటే రెండో రోజుకే నాకు గుర్తొచ్చింది.

మా పనిలో మందపాటి కాగితం ఏదీ బయటికి పోదు. గుడ్డ కోసేముందు కాగితం మీద కొలత గీసి కోసుకోవాలి, వాటినే పేపర్ కటింగులంటాం. కాలెండర్లు, అట్టలు, ఫైళ్లు, ఏది దొరికితే అది. కోసి, మూలన చిల్లు పెట్టి, తీగకి తగిలించి గోడకి వేలాడదీస్తాం. గుండీ పుట్టినప్పుడు దానికి ప్రపంచంలో ఏ కొట్లోనూ చొక్కా లేదు. నా అరచేతి మీద పడుకోబెడితే కాళ్లు మణికట్టు దాటేవి కావు. అద్దాలపెట్టె దగ్గరి నర్సు "మెత్తటి జుబ్బా ఏదైనా కుట్టి తెండమ్మా" అంటే నేను పరుగున ఇంటికొచ్చాను. కోడల్ని ఆ ముందురోజే ఇంటికి పంపారు, బల్ల మీద ఆవిడ ఆసుపత్రి ఫైలుంది. అందులో నున్నగా, గట్టిగా, ఒకవైపే రాసున్న కాగితం కనపడింది. నాకు చదువు రెండో తరగతితో సరి, అందులోనూ అది డాక్టర్ల భాష. మడత పెట్టి, గీసి, కత్తెర పెట్టేశాను. అంత చిన్న జుబ్బాకి అంత మంచి కాగితం దొరికిందని మురిసిపోయాను కూడా.

ఆ సంగతి ఇప్పుడు నోటితో ఎలా చెప్పను? చెప్పలేదు. పైగా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అడ్డంగా కోసే ఉంటారు, అంత చక్కగా కుట్టిన చెయ్యి లోపల మాత్రం ఎందుకు నిలువు కోస్తుంది అనుకున్నాను.

ఏడో నెలలో కోడలు మా వీధి చివరి నర్సింగ్ హోముకి వెళ్దామంది. అక్కడి పెద్ద డాక్టరు మామూలు కాన్పులు ఓపిగ్గా చేస్తాడని డిపోలో ఎవరో చెప్పారట. ఆయన కూడా మొదట అడిగింది కాగితమే. లేదంటే, "లోపల కోత ఎలా ఉందో అప్పట్లో ఎవరైనా చెప్పారా?" అన్నాడు.

కోడలు నావైపు చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో నేను ఇప్పటికీ చెప్పలేను.

"అడ్డమేనండి," అన్నాను. "కోసిన డాక్టరే నాతో చెప్పాడు."

నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆయన నా మాట రాసుకున్నాడు. "అలాగైతే నొప్పులొచ్చినప్పుడు తీసుకురండి, ప్రయత్నిద్దాం" అన్నాడు. కోడలు ఇంటిదాకా నా చెయ్యి పట్టుకుని నడిచింది. మా ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి చూసి, "అత్తాకోడళ్లు చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తున్నారు, ఏదో కొంప మునిగింది" అన్నాడు. ఆయన హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు కుట్టిన ప్రతి కాలరూ వంకరపోయింది.

ఎనిమిదో నెల వచ్చింది. కోడలు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటోంది. ఖాళీగా కూర్చోలేక చొక్కాలు మడతలు పెట్టి, బస్సులో జనాన్ని సర్దినట్టు, బడివారీగా దొంతరలు సర్దేది. ఒక మధ్యాహ్నం పైవీధి ఆవిడ ఒక చొక్కా పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నాలుగు రోజుల క్రితం ఇచ్చిందే, చంకలో పిగిలిపోయింది.

"ఏంటండీ ఇది! కాలరు చూస్తే ఎంతో పనితనం, చంక చూస్తే ఇలా?"

"నాలుగువైపులా ఒకలాగే కుట్టానమ్మా," అన్నాను నేను. తప్పు ఒప్పుకోవడం మా వంశంలో లేదు. "కాలరుని ఎవరూ లాగరు. మీవాడు చెయ్యెత్తినప్పుడల్లా లాగుడంతా చంక కుట్టు మీదే పడుతుంది. పైకి ఎంత బాగున్నా అక్కడ..."

మధ్యలో ఆగిపోయాను. ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను చొక్కా తీసుకుని, రేపు రమ్మని పంపించేశాను.

కోడలు తెల్లచొక్కాలు లెక్కపెడుతోంది. పక్కన గుండీ సుద్దముక్కతో నేల మీద బస్సు గీస్తోంది.

"అమ్మాయ్," అన్నాను.

"ఊఁ?"

"నర్సింగ్ హోముకి వద్దు."

తల ఎత్తింది.

"ఆ డాక్టరుతో నేను చెప్పింది అబద్ధం. లోపల అడ్డమో నిలువో నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం నేనే కోసేశాను. గుండీ జుబ్బాకి."

కోడలు చేతిలో ఉన్న చొక్కాని పూర్తిగా మడత పెట్టింది. దొంతర మీద పెట్టింది. అంచులు సమానంగా వచ్చాయో లేదో చూసుకుంది. ఆ కాసేపూ నేను మిషను చక్రం మీద చెయ్యేసి అలాగే కూర్చున్నాను.

"మూడు నెలల నుంచీ తెలుసా మీకు?"

"తెలుసు."

తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. గోడవైపు తిరిగి తీగలకి వేలాడుతున్న కట్టల్ని పైనుంచి కిందిదాకా చూసింది. అవి వందల్లో ఉన్నాయి.

"ఏ తీగకి?" అంది.

మా ఇంట్లో పని మానేసిన మధ్యాహ్నం అదొక్కటే. మా అబ్బాయి నిచ్చెన ఎక్కి కట్టలు దించాడు, మేం నలుగురం నేలమీద కూర్చుని విప్పాం. విషయం విన్నాక మా అబ్బాయి నావైపు చూడలేదు. మా ఆయన చూశాడు గానీ వంక పెట్టలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. గుండీ మాత్రం దొరికిన ప్రతి ముక్కనీ "ఇదేనా? ఇదేనా?" అంటూ నా మొహం మీద పెట్టింది. అన్నీ పెద్దవే. ఎవరెవరివో నడుములు, ఎవరెవరివో భుజాలు. ఆఖరికి ఒక పెద్ద కోటు కటింగు మడతల్లోంచి నాలుగు చిన్న ముక్కలు రాలాయి. ముందుభాగం, వెనకభాగం, రెండు చేతులు. నా అరచేతిని మించి లేవు.

కోడలు వెనకభాగం ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇంతే ఉండేదా?" అంది. అది పదకొండు రోజులకి ముందటి కొలత మరి, ఆవిడ చూడని కొలత.

"ఇంతకంటే ఇంకాస్త చిన్నది. కుట్టు కోసం నేను వేలెడు వదిలాను."

మా ఆయన ఇస్త్రీపెట్టె వేడి తగ్గించి, పైన గుడ్డ కప్పి, ఆ నాలుగు ముక్కల ముడతలూ తీశాడు. పట్టుబట్ట చేసేటప్పుడు కూడా ఆయన అంత మెల్లిగా చేయగా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ ముందు బల్ల మీద ముక్కలు పరిచాను. జుబ్బా ఆకారం చూసి ఆవిడ ఒక క్షణం నావైపు చూసింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కసరలేదు. మడత విప్పినట్టు ముక్కల్ని వరసలో జరుపుకుంది. అక్షరాలు ఒక ముక్క మీంచి ఇంకో ముక్క మీదికి పాకాయి.

"బిడ్డ అడ్డం... ఏడో నెల... గర్భసంచి మీద..." చదువుతూ ఆగింది. "ఇక్కడ ఏమైంది?"

అక్కడ గుండ్రంగా ఖాళీ ఉంది. మెడ గుంట. నేను కోసి చెత్తలో పారేసింది.

కోడలు బల్ల అంచు పట్టుకుంది. డాక్టరమ్మ జుబ్బా ఎడమచెయ్యి ముక్కని తీసి, తలకిందులుగా ఉంటే తిప్పి, ముందుభాగం కింద పెట్టింది. పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది.

"ఇది చాలు," అంది. "పైభాగంలో, నిలువుగా. ఇదిగో, చివర్లో గీత గీసి మరీ రాశారు. మళ్లీ గర్భం వస్తే నొప్పులదాకా ఆగకూడదు, ముందే ఆపరేషను చెయ్యాలని."

కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. గట్టిగా ఏడవలేదు, ముక్కు ఎగబీల్చుకుంది, అంతే. నేను దగ్గరికి వెళ్దామనుకుని వెళ్లలేకపోయాను.

"ముప్పై ఆరు వారాలు దాటగానే చేద్దాం," అంది డాక్టరమ్మ. "ఈలోగా పొట్టలో నొప్పిగానీ, పాత గీత దగ్గర పోటుగానీ, నెత్తురుగానీ కనపడితే ఇది ఏ రోజు, ఇప్పుడెంత టైమని చూడొద్దు. వెంటనే వచ్చెయ్యండి. దూరం ప్రయాణాలు వద్దు."

"మత్తిచ్చి పడుకోబెట్టేస్తారా?" అంది కోడలు.

"నడుముకి ఇస్తాం. కిందంతా తిమ్మిరెక్కుతుంది, నువ్వు మేలుకునే ఉంటావు. ఎందుకు?"

కోడలి బదులు నేను చెప్పాను. పదకొండు రోజుల సంగతి, పాలామె సంగతి, అంతా. నాకు పొట్టిగా చెప్పడం చేతకాదు. డాక్టరమ్మ గడియారం చూడకుండా విన్నది.

"బిడ్డ బాగా ఏడిస్తే బొడ్డు కోయగానే నీకే చూపిస్తాను. నీ గుండెల మీద పెట్టాకే ఇంకెవరైనా," అంది.

"మాటేనా?"

"మాటే."

బస్సులో కోడలు నా పక్కనే కూర్చుంది. చెయ్యి పట్టుకోలేదు. రెండు స్టాపులు దాటాక, "ఆకలేస్తోంది, ఏదైనా తెచ్చారా?" అంది. సంచిలోంచి అరటిపండు తీసిచ్చాను. సగం తుంచి నాకిచ్చింది. మాకు అప్పటికది చాలు.

ఆ తర్వాతి మూడు వారాలూ నేను ఆవిడని కుర్చీలోంచి లేవనివ్వలేదు. లేస్తే మా అబ్బాయి "నొప్పా?" అనేవాడు, దగ్గితే మా ఆయన ఇస్త్రీపెట్టె దించేసి చెప్పులు వేసుకునేవాడు. "నన్ను దగ్గనివ్వండి మావయ్యా," అని మొత్తుకునేది. రెండు బడుల చొక్కాలు పంపేశాం. మూడోవాళ్లవి ఇంకా గుండీలు పడాల్సి ఉండగా ఆపరేషను రోజు వచ్చింది.

పొద్దున ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్లారు. మేం ముగ్గురం బెంచీ మీద, గుండీ మా ఒళ్లో మారుతూ మారుతూ. నాకు చేతిలో సూది లేకుండా కూర్చోవడం రాదు. చీర అంచులో ఊడిన పోగులన్నీ పీకేశాను. మా ఆయన, "ఇంకాస్సేపైతే చీర ఉండదు, లేచి నడువు" అన్నాడు.

తొమ్మిది దాటాక డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు," అంది. మా అబ్బాయి గుండీని ఎత్తుకుని చెవిలో "చెల్లి" అన్నాడు.

డాక్టరమ్మ నన్ను కాస్త పక్కకి పిలిచింది. "టైలరమ్మా, మీకు అర్థమవుతుందని చెప్తున్నాను. పాత అతుకు దగ్గర గర్భసంచి ఎంత పల్చబడిందంటే, కొయ్యకముందే లోపల బిడ్డ జుట్టు కనపడింది. నొప్పులు మొదలై ఉంటే..." అని ఆగి, నా భుజం మీద చెయ్యేసింది. "మొదలవలేదుగా. చాలు. ఇక ఇద్దరితో సరి, ఆ సంగతి వాళ్లతో నేను మాట్లాడతాను."

నేను తల ఊపాను. మలమల గుడ్డ మీద చెయ్యి పెట్టి చూస్తే వేళ్లు ఎలా కనపడతాయో నాకు తెలుసు. దాని మీద లాగుడు పడితే ఏమవుతుందో కూడా తెలుసు. బెంచీ దగ్గరికి తిరిగొచ్చి, ఎందుకో తెలీదు, మా ఆయన చొక్కా కాలరు సర్దాను. ఆయన సర్దనిచ్చాడు.

పదకొండింటికి మమ్మల్ని గదిలోకి రానిచ్చారు. కోడలి మొహం వాడిపోయి ఉంది గానీ కళ్లు ఎంత వెలిగిపోతున్నాయో! గుండెల మీద దుప్పటి కింద చిన్న గడ్డలాగా ఉంది, పైకి నల్లటి తలొక్కటే కనపడుతోంది.

"అత్తయ్యా, మత్తు డాక్టరు 'మొదలుపెడదామా' అంటే అలవాటు కొద్దీ 'రైట్ రైట్' అనేశాను. గదంతా నవ్వింది." ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. "ఎనిమిది నలభైకి ఏడ్చింది. గోడ మీద గడియారం చూశాను. ఎనిమిది నలభై ఒకటికి నా దగ్గరుంది. తుడవను కూడా తుడవలేదు. ఎడమచెవి మడత పడిపోయి ఉంది, నేను వేలితో విప్పాను. ఇంకెవరికీ తెలీదు ఆ సంగతి. ఇప్పుడు విచ్చుకుంది, మీరు చూసినా కనపడదు."

"కనపడదే," అన్నాను వంగి చూసి.

"చెప్పానా?" అంది, ఎంత గర్వమో ఆ గొంతులో.

గుండీ మంచం ఎక్కబోయింది, వాళ్ల నాన్న పట్టుకున్నాడు. మా ఆయన చేతులు చాపి, "ఏదీ, ఒకసారి తాత దగ్గరికి" అన్నాడు. కోడలు దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుంది. "ఇప్పుడే కాదు మావయ్యా."

నర్సు వచ్చి బరువు చూడాలంటే, "ఆ తూకం ఇక్కడికే తెండి" అంది. నర్సు నావైపు చూసింది, ఇంటి పెద్దదాన్ని కదా, కోడలికి నచ్చచెప్తానని.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "తెస్తే తప్పేముందమ్మా," అన్నాను.

తెచ్చారు. తూకం వేసిన నిమిషం తప్ప, ఆ రోజు సాయంత్రందాకా కోడలు ఆ బిడ్డని ఎవరికీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. నలుగుర్ని కన్నాను, ఎందర్నో ఎత్తుకున్నాను గానీ, చేతులు ఒళ్లో పెట్టుకుని అంత హాయిగా కూర్చున్న రోజు నాకు ఇంకోటి గుర్తులేదు.